కారు కోటేషన్‌లో పెన్నుతో రాసిన మూడు వరుసలు

ప్రశ్న: మాది బొబ్బిలి. నేనూ మావారూ ఇద్దరం టీచర్లమే. దసరాకి, కుదరకపోతే పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాటికైనా మొదటి కారు కొనాలని ఉంది. విజయనగరం షోరూమ్ వాళ్లిచ్చిన కోటేషన్‌లో ఎక్స్ షోరూమ్ ధర 8,40,000. దానిపైన హ్యాండ్లింగ్ చార్జీలు 9,500, యాక్సెసరీల కిట్ 14,500, ఇన్సూరెన్స్ 46,000 వేశారు. ఇదేంటని అడిగితే, "అందరూ కడతన్నారు మేడమ్, మీకొక్కరికే ఏటి ఇబ్బంది?" అంటున్నారు. అంతా లోన్‌లో కలిపేస్తారట. ఒప్పుకోమంటారా?

జవాబు: టీచరు గారూ, మీరు పంపిన కోటేషన్ ఫొటో చూశాను. ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ప్రింటులో ఉన్నాయి. మీరు అడిగిన మూడూ కింద పెన్నుతో రాశారు, వాటి పక్కన సంతకం లేదు, స్టాంపు లేదు. ముందు ఆ మూడింటినీ ప్రింటు తీసి ఇమ్మనండి. కొన్నిసార్లు హ్యాండ్లింగ్ అక్కడే మాయమైపోతుంది!

ఎందుకంటే మోటారు వాహనాల చట్టంలో ఆ పేరుతో ఏ ఫీజూ లేదు. ఫ్యాక్టరీ నుంచి కారు తెచ్చిన ఖర్చు, జీఎస్టీ, డీలరు మార్జిన్ ఎక్స్ షోరూమ్ ధరలోనే ఉంటాయి. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బళ్లకి హై సెక్యూరిటీ నంబరు ప్లేటు ఖర్చూ అందులోదే. "రిజిస్ట్రేషన్ పని మేమే చూసుకుంటున్నాం కదా, దానికే ఈ చార్జీ" అంటారేమో. ఆ చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, డీలరు ఉన్న రాష్ట్రంలోనే రిజిస్టరయ్యే కొత్త బండికి దరఖాస్తు పెట్టాల్సింది డీలరే. అది మీకు చేసిపెడుతున్న సాయం కాదు, వాళ్ల బాధ్యత. కేంద్ర నిబంధనల్లో సొంత వాడకం కారు రిజిస్ట్రేషన్ ఫీజు 600 రూపాయలు. లోన్ ఉంటే ఆర్సీలో బ్యాంకు పేరు ఎక్కించడానికి 1,500. లైఫ్ ట్యాక్స్, సర్వీసు చార్జీలు వేరు. వీటన్నిటికీ రవాణా శాఖ రసీదు వస్తుంది. రసీదులో ఉన్నదానికంటే మీ దగ్గర ఎక్కువ తీసుకుంటే తేడా వెనక్కి అడగండి, మొహమాటపడకండి.

కిట్ సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, సీటు కవర్లు మీకు నచ్చితేనే. బయట ఏ షాపులోనైనా వేయించుకోవచ్చు.

అసలు డబ్బు పోయేది ఇన్సూరెన్స్ దగ్గర. కొత్త కారుకి 3 ఏళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) ఇన్సూరెన్స్ తప్పనిసరి. 2022లో ప్రకటించిన రేట్లలో 1000 నుంచి 1500 సీసీ కారుకి అది 10,640, పైన జీఎస్టీ. ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి) మాత్రం ఒక్క ఏడాదికే తీసుకోవచ్చు. పాలసీ ఎక్కడ కొనాలన్నది మీ ఇష్టం, ఫలానా కంపెనీదే తీసుకోమని డీలరు బలవంతం చేయకూడదు. అదే ఐడీవీ (పాలసీలో బండికి కట్టే విలువ), అదే జీరో డెప్ (పార్టుల తరుగుదల కోత లేకుండా క్లెయిమ్ ఇచ్చే కవర్) పెట్టి ఆన్‌లైన్‌లో కోట్ తీసి పోల్చండి. బయట కొంటే క్యాష్‌లెస్ (రిపేరు బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా కట్టడం) రాదని భయపెడతారు. అది మీరు రిపేరుకి ఇచ్చే వర్క్‌షాపు మీ ఇన్సూరెన్స్ కంపెనీ నెట్‌వర్క్‌లో ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అయితే ఒక మాట. "మా ఇన్సూరెన్స్ తీసుకుంటేనే 15,000 డిస్కౌంట్" అని అంటే, బయట 14,000 తక్కువకి దొరికినా షోరూమ్‌దే తీసుకోండి. పంతానికి పోయి వెయ్యి పోగొట్టుకోవడం ఎందుకు?

లోన్‌లో కలిపేయడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. హ్యాండ్లింగ్, కిట్, ఇన్సూరెన్స్‌లో ఎక్కువ పడుతుందనుకున్న 14,000 కలిపితే 38,000. 9.5 శాతం వడ్డీకి 7 ఏళ్లంటే నెలకి సుమారు 620, మొత్తం 52 వేల పైమాటే. సీటు కవర్లు అప్పటికి చిరిగిపోయి ఉంటాయి, కిస్తీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

విజయనగరం షోరూమ్ వాళ్లు దిగిరాకపోతే శ్రీకాకుళంలో, విశాఖలో అదే మోడల్‌కి కోటేషన్ తీసుకోండి. ఒక్క రోజు పని. ఒకప్పుడు విజయనగరం బళ్లకి ఏపీ 35, శ్రీకాకుళానికి ఏపీ 30 ఉండేవి. 2019 నుంచి రాష్ట్రమంతా ఒకే సిరీస్ కాబట్టి నంబరు గురించి ఆలోచించక్కర్లేదు. పండగ ముందు వారం వెళ్తే బేరం కుదరదు, ఇప్పుడే వెళ్లండి.

ఏది కట్టినా బ్యాంకు నుంచే కట్టండి, ప్రతిదానికీ బిల్లు అడగండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. తప్పక హ్యాండ్లింగ్ కట్టాల్సి వచ్చినా, బిల్లులో ఆ పేరుతోనే రాయించుకోండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ తేలకపోతే 2 ఏళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. కారు విశాఖలో కొన్నా కేసు విజయనగరంలోనే వేసుకోవచ్చు, ఎందుకంటే మీరు ఉండేది ఈ జిల్లాలోనే. మీ కారు ధరకి ఫీజు 200 రూపాయలు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు.