క్రాష్ కోర్సు కన్నా ముందు ఇంగ్లీష్ ఒక మెట్టు ఎక్కాలి

ప్రశ్న: మేడమ్, మాది చిత్తూరు జిల్లా బంగారుపాళెం దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉంటూ బీఎస్సీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ఐర్లాండ్‌లో ఎమ్మెస్సీ చేయాలని ఉంది. నేను చూసుకున్న కోర్సుకి, విదేశీ చదువులకి రాసే ఇంగ్లీష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం 6.5 ఉండాలి, ఏ విభాగంలోనూ 6కి తగ్గకూడదు. ఒకచోట ఫ్రీ మాక్ టెస్ట్ రాస్తే లిజనింగ్, రీడింగ్‌లో 5.5, రైటింగ్, స్పీకింగ్‌లో 5 వచ్చాయి. మొత్తం 5.5 అన్నారు. నెల రోజుల క్రాష్ కోర్సులో చేరితే 7 గ్యారంటీ అంటున్నారు. మామిడికాయల డబ్బు రాగానే కడతానని నాన్న అంటున్నాడు. చదివితే అర్థమవుతుంది కానీ మాట్లాడాలంటే టెన్షన్. చేరమంటారా? పరీక్షకి ఇంకా ఆరు నెలలు టైం ఉంది.

జవాబు: ఇప్పుడే చేరొద్దమ్మా. నాన్న డబ్బు నాన్న దగ్గరే ఉండనీ. పరీక్ష ఫీజుకీ, ఆ తర్వాత అప్లికేషన్లకీ ఆ డబ్బు ఎలాగూ కావాలి. కోచింగ్ మొత్తం దండగ అని నేను అనడం లేదు. నువ్విప్పుడు ఉన్న స్థాయిలో నెల రోజుల కోర్సు నీకు పెద్దగా చేయగలిగింది ఏమీ లేదు.

ముందు నీ మార్కులు సరిగ్గా చూద్దాం. ఈ పరీక్షలో మార్కుని బ్యాండు అంటారు. నాలుగు విభాగాలూ కలిపి నాలుగుతో భాగిస్తే నీ సగటు 5.25. సగటు చివర .25 వస్తే పైనున్న అర బ్యాండుకీ, .75 వస్తే పైనున్న పూర్తి బ్యాండుకీ జరుపుతారు. అందుకే నీకు 5.5 అని చెప్పారు. అది చూసి ఒక్క బ్యాండే కదా తక్కువ అనిపిస్తుంది కానీ రెండు విభాగాల్లో నువ్వు 5 దగ్గరే ఉన్నావు. ఇదే లెక్క నీకు కలిసొచ్చే దారి కూడా ఉంది. లిజనింగ్, రీడింగ్‌లో 6.5, రైటింగ్, స్పీకింగ్‌లో 6 తెచ్చుకుంటే సగటు 6.25 అవుతుంది, ఫలితం 6.5గా వస్తుంది. ఏ విభాగమూ 6కి తగ్గదు. అంటే నీకు కావలసింది 7 కాదు, ప్రతి విభాగంలో ఒక్క బ్యాండు. వాళ్ళు గ్యారంటీ ఇస్తున్న 7 కోసం నువ్వు పరుగెత్తాల్సిన పనే లేదు.

ఆ ఒక్క బ్యాండుకి ఎంత టైం పడుతుంది? భాష ఎంత వచ్చో చెప్పడానికి యూరప్‌లో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు పెట్టుకున్నారు. ఐఈఎల్‌టీఎస్ 5 అంటే బీ1, 5.5 నుంచి 6.5 దాకా బీ2. బీ1 అంటే తెలిసిన విషయాల మీద ఎలాగో నెట్టుకురాగలగడం. బీ2 అంటే తెలియని విషయం వచ్చినా అభిప్రాయం చెప్పి, కారణం చెప్పి నిలబడగలగడం. కేంబ్రిడ్జ్ ఇంగ్లీష్ వాళ్ళ అంచనా ప్రకారం మొదటినుంచీ లెక్కేస్తే బీ1కి 350 నుంచి 400 గంటలు, బీ2కి 500 నుంచి 600 గంటల శిక్షణ కావాలి. ఈ రెండింటి మధ్య దూరం 150, 200 గంటలు. రోజుకి గంటన్నర చొప్పున చూస్తే నాలుగు నెలల పని. నెల రోజుల కోర్సులో ఇది పట్టదు. అక్కడ ప్రశ్నల తీరు నేర్పుతారు, చిట్కాలు చెబుతారు, రోజుకో మాక్ టెస్ట్ పెడతారు. వరసగా మాక్ టెస్టులు రాసినంత మాత్రాన స్థాయి పెరగదు. జ్వరం వచ్చినవాళ్ళు గంటకోసారి థర్మామీటర్ పెట్టుకున్నా జ్వరం తగ్గదు కదా. కాబట్టి మొదటి నాలుగు నెలలు భాషకి, చివరి నెలన్నర పరీక్షకి ఇవ్వు. రెండూ కలిపేయకు.

నువ్వు భయపడుతున్న స్పీకింగ్‌తోనే మొదలుపెడదాం. చదివితే అర్థమవుతుంది, నోరు తిరగదు అని తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు దాదాపు అందరూ నాతో అంటారు. నీ తెలివిలో లోపం ఏమీ లేదు. పదేళ్ళపాటు ఇంగ్లీష్ నీకు గైడులో జవాబుగా అందింది. కంటికీ చేతికీ పని పడింది, నోటికి పడలేదు. ఇప్పుడు నోటికి పని పెట్టాలి, అంతే.

స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. మొదట నీ గురించి, ఊరి గురించి, చదువు గురించి మామూలు ప్రశ్నలు అడుగుతారు. తర్వాత ఒక కార్డు ఇస్తారు. ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. చివర్లో అదే విషయం మీద కొంచెం లోతైన చర్చ ఉంటుంది. తడబడకుండా వరసగా చెప్పడం, మాటల సంపద, వ్యాకరణం, ఉచ్చారణ, ఈ నాలుగింటికీ సమానంగా మార్కులు. బ్రిటిష్ యాస పెట్టాల్సిన పని లేదు. మనలా మాట్లాడినా స్పష్టంగా ఉంటే చాలు. బట్టీ పట్టిన జవాబు మాత్రం నష్టం చేస్తుంది. ఎగ్జామినర్లు దాన్ని ఇట్టే పసిగడతారు. ఎప్పుడూ వెళ్ళని ఏదో సముద్రతీరం గురించి కంఠతా చెప్పేకంటే, మీ బంగారుపాళెం మామిడి మార్కెట్లో సీజన్ రోజున ట్రాక్టర్లు ఎలా బారులు తీరతాయో నీ సొంత మాటల్లో చెప్పు. అది నువ్వు కళ్ళారా చూసింది కాబట్టి మాటల కోసం తడుముకోవు.

రోజూ ఇలా చెయ్యి. ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసుకుని ఒక విషయం మీద రెండు నిమిషాలు మాట్లాడు. తలకోన వెళ్ళిన రోజు కావచ్చు, అలిపిరి మెట్లు ఎక్కిన రోజు కావచ్చు, హాస్టల్లో నీకు నచ్చని ఒక రూలు కావచ్చు. తర్వాత విను. ఎక్కడ ఆగిపోయావో, ఏ మాట దొరకలేదో రాసుకుని, ఆ మాటలు వెతుక్కుని, అదే విషయాన్ని మళ్ళీ మాట్లాడు. చాలామంది ఈ రెండోసారి మాట్లాడటం వదిలేసి కొత్త టాపిక్ ఎత్తుకుంటారు. మెరుగు వచ్చేదే ఈ రెండోసారిలో.

తిరుపతిలో ఉండటం నీకు కలిసొచ్చే విషయం. దేశం నలుమూలల నుంచి భక్తులు వచ్చే ఊరు ఇది. స్టేషన్ దగ్గరా బస్టాండ్ దగ్గరా తెలుగు రానివాళ్ళు దారి అడుగుతూనే ఉంటారు. చెయ్యి చూపించి వచ్చేయకుండా, బస్సు ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో ఇంగ్లీష్‌లో పూర్తి వాక్యాల్లో చెప్పు. తప్పు వచ్చినా అక్కడ నీకు మార్కులు వేసేవాళ్ళు ఎవరూ లేరు, వాళ్ళకి దారి దొరుకుతుంది. హాస్టల్లో ఒక స్నేహితురాలితో మాట పెట్టుకుని సాయంత్రం అరగంట ఇంగ్లీష్‌లోనే మాట్లాడుకుంటూ నడవండి.

తెలుగు నాలుకకి సహజంగా వచ్చే కొన్ని ఇబ్బందులు ముందే తెలిస్తే మంచిది. మన మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి కాబట్టి ఇంగ్లీష్ మాట చివర కూడా ‘ఉ’ చేరుస్తాం. ఇంగ్లీష్‌లో మాట్లాడేటప్పుడు హల్లు దగ్గరే ఆపడం అలవాటు చేసుకో. ఇంకొకటి, జరిగిపోయిన విషయం చెప్పేటప్పుడు వాక్డ్, హెల్ప్డ్ లాంటి మాటల చివరి శబ్దం మింగేస్తాం. నువ్వు మనసులో సరిగ్గానే అనుకున్నా వినేవాళ్ళకి కాలం తప్పినట్టు వినబడుతుంది. ఉచ్చారణలోనూ వ్యాకరణంలోనూ రెండు చోట్లా దెబ్బ. వాక్యాల్లో అయితే ‘ఐ యామ్ హ్యావింగ్ వన్ బ్రదర్’, ‘ఐ యామ్ స్టడీయింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’ లాంటివి మన దగ్గర అందరి నోటా వస్తాయి. ‘ఐ హ్యావ్ వన్ బ్రదర్’, ‘ఐ హ్యావ్ బీన్ స్టడీయింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’ అనాలి. ఇవన్నీ ఒకేసారి సరిచేసుకోవాలని కూర్చుంటే అసలు మాటే బయటికి రాదు. వారానికి ఒక్క తప్పు పట్టుకుని దాని మీదే ధ్యాస పెట్టు.

రైటింగ్‌కి గంట టైం. మొదటి టాస్క్‌లో కనీసం 150 పదాలు, రెండోదాంట్లో కనీసం 250. రెండో టాస్క్ విలువ మొదటిదానికి రెట్టింపు కాబట్టి దానికి 40 నిమిషాలు ఉంచుకో. నీలా పై చదువులకి వెళ్ళేవాళ్ళు రాసే అకడమిక్ పరీక్షలో మొదటి టాస్క్ ఒక గ్రాఫో, పట్టికో, మ్యాపో, ఒక వస్తువు తయారయ్యే క్రమాన్ని చూపే బొమ్మో అవుతుంది. ఈ చివరిదానికి నీ అంత బాగా సాధన చేయగలిగేవాళ్ళు తక్కువ. మీ చుట్టుపక్కల తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా. కాయలు దించడం, మాగబెట్టడం, కడగడం, తొక్కా టెంకా వేరుచేసి గుజ్జు తీయడం, వేడి చేసి చల్లార్చడం, గాలి చొరబడని సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెట్టడం. దీన్నంతా బొమ్మలా గీసుకుని 150 పదాల్లో రాయి. ‘ద మ్యాంగోస్ ఆర్ వాష్డ్’, ‘ద పల్ప్ ఈజ్ హీటెడ్’ అని రాయడం అలవాటైతే ప్యాసివ్ వాయిస్ పుస్తకంలో సూత్రంలా కాకుండా చేతికి వచ్చేస్తుంది. మొత్తం ఎన్ని దశలు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అని ఒకటి రెండు వాక్యాల్లో చెప్పడం మరిచిపోకు. ఆ సారాంశం లేకపోతే మార్కులు తగ్గుతాయి. మొదటి టాస్క్‌లో నీ అభిప్రాయం ఎక్కడా రాయకూడదు.

రెండో టాస్క్‌లో అభిప్రాయమే కావాలి. ఊళ్ళు వదిలి యువత నగరాలకి వెళ్ళడం మంచిదా కాదా అని అడిగారనుకో. నువ్వు ఒక వైపు నిలబడి, రెండు కారణాలు చెప్పి, ఒక్కోదానికి ఒక ఉదాహరణ ఇవ్వాలి. కోచింగ్ సెంటర్లు ఇచ్చే టెంప్లేట్లు చూస్తే నాకు బాధేస్తుంది. ఏ ప్రశ్నకైనా అవే నాలుగు భారీ వాక్యాలు. వాటి మధ్యలో పిల్లల సొంత వాక్యం ఒకటి బలహీనంగా కనబడుతుంది. వాళ్ళకి నిజంగా ఎంత ఇంగ్లీష్ వచ్చో ఆ తేడాలోనే తెలిసిపోతుంది. చిన్న వాక్యాలు తప్పు లేకుండా రాయడం ముందు రానీ. వారానికి రెండు వ్యాసాలు చాలు, కానీ ప్రతిదాన్నీ దిద్దించుకుని మళ్ళీ రాయాలి. ఎవరు దిద్దుతారంటావా, మీ కాలేజీ ఇంగ్లీష్ లెక్చరర్‌ని అడుగు. వారానికి ఒక్క పేజీ చూసిపెట్టండి సార్ అని శ్రద్ధగా అడిగే విద్యార్థిని కాదనే లెక్చరర్ అరుదు.

లిజనింగ్‌లో రికార్డింగ్ ఒక్కసారే వినిపిస్తారు. కేంబ్రిడ్జ్ బీ1, బీ2 పరీక్షల్లో రెండుసార్లు వినిపిస్తారు కాబట్టి ఆన్‌లైన్లో ఆ మెటీరియల్‌తో సాధన చేస్తుంటే ఈ తేడా గుర్తుపెట్టుకో. 40 ప్రశ్నల్లో సుమారు 23 సరైతే 6 బ్యాండు, 30 సరైతే 7. నీకు ఇరవై ఆరు, ఇరవై ఏడు వస్తే సరిపోతుంది. కొత్త మాటలు రాక మనవాళ్ళు దెబ్బతినేది తక్కువే. తెలిసిన చిన్న మాటలే వేగంలో కలిసిపోయి వినబడవు. క్యాన్ అన్నారా కాంట్ అన్నారా, థర్టీన్ ఆ థర్టీ ఆ అన్న దగ్గర జవాబు తప్పిపోతుంది. దీనికి డిక్టేషన్ లాంటి మందు లేదు. రెండు నిమిషాల ఆడియో తీసుకుని, ఒక్కో వాక్యం ఆపుతూ, విన్నది విన్నట్టు రాసి, తర్వాత స్క్రిప్టుతో పోల్చుకో. బ్రిటిష్ కౌన్సిల్, బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ సైట్లలో ఇలాంటివి ఉచితంగా దొరుకుతాయి. బీ1తో మొదలుపెట్టి, సులువనిపించాక బీ2కి వెళ్ళు. స్పెల్లింగ్ తప్పితే జవాబు తప్పే, అది కూడా చూసుకో.

రీడింగ్ గురించి నాకు పెద్దగా బెంగ లేదు. గంటలో మూడు పాఠాలు, 40 ప్రశ్నలు. రోజూ ఒక ఇంగ్లీష్ వ్యాసం, సైన్స్ మీదైతే నీకు ఇంకా మంచిది, తెలియని ప్రతి మాట దగ్గరా ఆగకుండా చదువు. ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ప్రశ్నల్లో మాత్రం నీ బీఎస్సీ పరిజ్ఞానం పక్కన పెట్టు. పాఠంలో లేనిది నిజమే అయినా జవాబు నాట్ గివెన్.

నాలుగు నెలలు అయ్యాక మళ్ళీ ఒక మాక్ రాయి. రైటింగ్, స్పీకింగ్‌లో 5.5 దాటితే అప్పుడు పరీక్ష తీరు మీద పడు. వారానికో పూర్తి టెస్ట్, గడియారం పెట్టుకుని. కోచింగ్‌కి వెళ్ళాలనుకుంటే అదే సరైన సమయం. డబ్బు కట్టే ముందు రెండే అడుగు: నా వ్యాసాన్ని ఎవరు దిద్దుతారు, నాతో విడిగా ఎన్నిసార్లు స్పీకింగ్ చేయిస్తారు? దీనికి సూటిగా జవాబు చెప్పలేకపోతే లేచి వచ్చేయ్. బ్యాండు ఇచ్చేది ఎగ్జామినర్లు, కోచింగ్ సెంటర్ కాదు. వాళ్ళు గ్యారంటీ ఎలా ఇస్తారో నాన్ననే ఆలోచించమను. అప్పటికీ 5.5 దాటకపోతే పరీక్ష ఇంకో నెల వాయిదా వేసుకో, ఫీజు వృథా చేసుకోవద్దు. కంప్యూటర్‌లో రాసేటట్టయితే ఇప్పటినుంచే వ్యాసాలు టైప్ చేయడం అలవాటు చేసుకో. ఫలితం రెండేళ్ళు చెల్లుతుంది కాబట్టి కోర్సు అప్లికేషన్ తేదీలు చూసుకుని పరీక్ష బుక్ చెయ్యి.

ఈ వారంలో చేయాల్సిన పని ఒకటుంది. మన దేశంలో ఈ పరీక్షకి గుర్తింపు కార్డుగా పాస్‌పోర్టే కావాలి. నీకు లేకపోతే, ముందు టెన్త్ మెమోలోనూ ఆధార్‌లోనూ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకుని, తేడా ఉంటే సరిచేయించు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది, ఆన్‌లైన్లో అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళు. ఐఈఎల్‌టీఎస్ బుకింగ్‌లో నీ పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే, అక్షరం తేడా లేకుండా ఉండాలి.