బోడీలో ఇళ్లకు రంగులు ఎందుకు వేయరు?

ప్రశ్న: కాలిఫోర్నియాలోని బోడీ అనే పాత బంగారు గనుల ఊరు చూసొచ్చాం. ప్రభుత్వ రక్షణలో ఉన్న ఊరే కదా, ఇళ్లు ఒరిగి, రంగు వెలిసి ఎందుకున్నాయండీ?

జవాబు: అది నిర్లక్ష్యం కాదండీ, కావాలని పెట్టుకున్న పద్ధతే. 1859లో బంగారం దొరికిన చోటు అది. 1880 నాటికి వేలమంది చేరారు. గనులు తగ్గాక ఖాళీ అయింది. 1932 అగ్నిప్రమాదంలో చాలా భాగం కాలిపోయింది. 1962లో రాష్ట్ర చారిత్రక పార్కు అయినప్పుడు, మిగిలినదాన్ని ఉన్నది ఉన్నట్టే నిలపాలని నిర్ణయించారు. కొత్తగా కట్టరు, కూలనివ్వరు.

ఎండకు, గాలికి బూడిదరంగు తిరిగిన చెక్క గోడలు చూశారుగా? వాటికంటే అసలు ప్రమాదం కిందుంటుంది. ఊరు 8,000 అడుగులకు పైన ఉంది. గోడల మొదట్లో పేరుకున్న మంచు కరిగితే, నేలకానిన అడుగు దూలం తడిసి పుచ్చిపోతుంది. అది కుంగితే పైనున్న గోడంతా ఒరుగుతుంది. అలాంటప్పుడు ముందు లోపల ఊతకర్రలు బిగించి, జాకీలతో గోడను కొద్దికొద్దిగా లేపాలి. తొందరపడితే పాత మేకులు ఊడి, పలకలు చీలతాయి. పుచ్చిన ముక్క వరకే కోసి, అదే కొలత కలపను అతకాలి. ఒరుగును పూర్తిగా సరిచేయనక్కర్లేదు, ఆగితే చాలు.

పైకప్పు, కిటికీలు కూడా బాగుచేస్తారు, నీళ్లు లోపలికి దిగితే, బల్లమీద దుమ్ముతో సహా ఉన్నది ఉన్నట్టే ఉంచిన లోపలి వస్తువులన్నీ పాడవుతాయి గనక. ఈసారి వెళ్తే తుప్పుపట్టిన మేకునైనా తీయకండి, అది కూడా ఆ ఊరి ఆనవాలే.