నాన్న వైపు వాళ్ల భాష నేర్చుకుంటానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మాది విజయవాడ. పెళ్లయి న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో స్థిరపడ్డాను. మావారికి 49 ఏళ్లు. పసిఫిక్ ద్వీప దేశం సమోవా నుంచి వచ్చిన కుటుంబమే అయినా ఆయన ఇక్కడే పుట్టి పెరిగారు, సమోవన్ భాష రాదు. మా అమ్మాయికి 15. రెండేళ్ల క్రితం మామగారు పోయినప్పుడు చర్చిలో అందరూ పాడుతున్నారు, ఆడవాళ్లు పెద్ద పెద్ద చాపలు విప్పి పట్టుకుని నడుస్తున్నారు. మా ముగ్గురికీ ఏమీ అర్థం కాలేదు. అప్పటి నుంచి పాపకు అటువైపు ధ్యాసే. బస్టాపులో ఓ సమోవన్ పెద్దావిడ తన మొహం చూసి ఆ భాషలో పలకరించిందట, జవాబు చెప్పలేక ఇంటికొచ్చి ఏడ్చింది. ఇప్పుడు స్కూల్లో పాలీఫెస్ట్ అనే స్కూలు పిల్లల ఆటపాటల ఉత్సవం కోసం సమోవన్ గ్రూపులో చేరతానని ఫారం తెచ్చింది. మావారు "ఇవన్నీ మనకెందుకు" అని పక్కన పడేశారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఇన్నేళ్లు కష్టపడి తెలుగు నేర్పాను, అది కాస్తా పోతుందేమో. అటు దగ్గరైతే చర్చి, డబ్బు వ్యవహారాలు మొదలవుతాయి. మామగారి కార్యాలకే మా వాటా 3000 డాలర్లు అడిగారు. పైగా పెద్దయ్యాక తొడల మీద పచ్చబొట్టు వేయించుకుంటానంటోంది. విజయవాడ వెళ్లినప్పుడు బంధువులు దాని ఒడ్డూ పొడుగూ చూసి తలా ఒక మాట అన్నారు, ఇక అక్కడికి రానంటోంది. దేనికి సరే అనాలి, దేనికి వద్దనాలి?

సమాధానం: ముందు ఫారం మీద మీరు సంతకం పెట్టండి. మీవారికి చెప్పి, ఆయన ఎదుటే పెట్టండి. మిగతావి నిదానంగా తేల్చుకోవచ్చు కానీ, పదిహేనేళ్ల పిల్ల తనంతట తాను నాన్న వైపు తలుపు తడుతుంటే తీయకుండా ఉండటం మంచిది కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆపింది పాప సంగతి కాదు, మీవారి మాట. "మనకెందుకు" అన్న మాటను మీరు నిర్లక్ష్యం అనుకుంటున్నారు. నాకు అందులో సిగ్గు, నొప్పి కనిపిస్తున్నాయి. ఇక్కడ పుట్టి సమోవన్ భాష రాని పిల్లలను సొంత బంధువుల పిల్లలే "ఫియా పాలాంగి" అని వెక్కిరిస్తారు, అంటే తెల్లవాడిలా బతకాలని చూసేవాడని. స్కూల్లోనేమో తెల్లపిల్లలు "మీ ద్వీపానికి పో" అంటారు. రెండు వైపుల నుంచీ ఆ మాటలు పడి పెరిగిన మగవాళ్లు చాలామంది ఆ ఊసే ఎత్తకుండా బతకడం అలవాటు చేసుకుంటారు. తండ్రి శవపేటిక ముందు నిలబడి, తండ్రిని సాగనంపుతూ పాడే పాట అర్థం కాకపోతే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. పాపకు అక్కడ ఆసక్తి పుట్టింది. ఆయనకు పాత గాయం రేగింది.

ఆ భాష ఆయనకు ఎందుకు రాలేదన్నదీ మీరు తెలుసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూజిలాండ్ ఫ్యాక్టరీలకు మనుషులు కావాల్సి వచ్చి సమోవా, టోంగా లాంటి ద్వీపాల నుంచి వేలమందిని రానిచ్చారు. 1970లలో ఆర్థిక పరిస్థితి దెబ్బతిని ఉద్యోగాలు తగ్గగానే అదే మనుషులు బరువయ్యారు. 1974 నుంచి 1976 వరకు పోలీసులు వీసా గడువు దాటినవాళ్ల కోసమంటూ తెల్లవారుజామున ఇళ్ల తలుపులు బాదారు. గడువు దాటినవాళ్లలో ఇంగ్లండ్, అమెరికా వాళ్లూ ఉన్నారు, కానీ పోలీసులు వెళ్లింది ద్వీపాల వాళ్ల ఇళ్లకు. దారిన పోయేవాళ్లను కూడా ఒంటి రంగు చూసి ఆపి కాగితాలు అడిగేవారు. మీవారు పుట్టింది సరిగ్గా ఆ రోజుల్లో. ఇంటి భాష బయట వినపడితే పిల్లలకే చేటు, ఇంగ్లిష్ వస్తేనే బాగుపడతారు అని ఎందరో తల్లిదండ్రులు నోరు కట్టేసుకున్నారు. 2021 ఆగస్టు 1న ఆక్లాండ్ టౌన్ హాల్లో అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ ప్రభుత్వం తరఫున ఆ దాడులకు క్షమాపణ చెప్పారు. సమోవన్ ఆచారం ప్రకారం తల మీదుగా చాప కప్పించుకుంటే, ద్వీపాల వాళ్లే వచ్చి ఆ చాప తీశారు. ఆ దాడులు చూసింది మీ అత్తమామల తరమే. మీ అత్తమామల ఇంట్లో ఏం జరిగిందో మీ అత్తగారే చెప్పాలి. ఆవిడ ఉన్నారా లేదా అన్నది మీరు రాయలేదు. ఉన్నారనే అనుకుని రాస్తున్నాను. లేకపోతే మామగారి అక్కచెల్లెళ్లో, మీ పెద్దాడపడుచో ఆ స్థానంలో ఉంటారు.

కాబట్టి మీవారితో "నీ కూతురికి నువ్వే నేర్పాలి" అని మాత్రం అనొద్దు. ఆయన భయపడుతున్నది దానికే. తనకు రానిది కూతురు ముందు బయటపడుతుందని. "పాప వాళ్ల నానమ్మ దగ్గర నేర్చుకుంటుంది, నువ్వు ఏమీ చెప్పాల్సిన పని లేదు, ప్రాక్టీసుకు దింపి తీసుకొస్తే చాలు" అనండి. ఇంతకు మించి ఏమీ అడగకండి. చర్చకు దిగితే ఆయన మళ్లీ మూసుకుపోతారు.

ఇక నానమ్మ. పుస్తకాలు, వీడియోలు ఎన్ని చూసినా ఆ పిల్లకు కావలసింది ఆవిడ దగ్గరే ఉంది. సమోవన్ల మధ్య ఎవరైనా ముందు అడిగేది ఏ ఊరు, ఎవరి కుటుంబం అని. ఆ రెండూ తెలిస్తే పాపకు కూర్చోవడానికి ఒక చోటు దొరికినట్టే. వారంలో ఒక పూట పాపను అక్కడికి పంపండి. తాతగారి ఊరు సవాయీ ద్వీపంలోదా, ఉపోలు ద్వీపంలోదా, వాళ్ల కుటుంబ పెద్దకు ఏ బిరుదు ఉంది, ఇప్పుడు దాన్ని ఎవరు మోస్తున్నారు, ఆక్లాండ్‌కు ఎవరి ఇంటికి వచ్చి దిగారు, మొదటి ఉద్యోగం ఎక్కడ, ఇవన్నీ అడిగి ఆవిడ గొంతులోనే ఫోన్‌లో రికార్డు చేయమనండి. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే పెద్దవాళ్లు బిగుసుకుపోతారు. చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి పొట్లాలు కట్టే పని ఉంటుంది, పాలుసామి అంటారు. ఆ పని చేస్తూ అడిగితే కథలు వాటంతటవే వస్తాయి. మీరూ ఓ పూట వెళ్లి కూర్చోండి. పెద్దవాళ్లు కూర్చున్నచోట ముందునుంచి నడిచి వెళ్లాల్సి వస్తే నడుం వంచి "తులౌ" అంటూ వెళ్లాలి, కాళ్లు వాళ్ల వైపు చాపకూడదు. మీరు ఆ ఒక్క పని చేస్తే చాలు, మీ అత్తగారి మనసు ఎంత మెత్తబడుతుందో చూడండి.

చాపల సంగతి కూడా ఆవిడనే అడగమనండి. మీరు చూసినవి ఇయే తోంగా. మొగలి జాతి మొక్క ఆకులను ఉడికించి, ఆరబెట్టి, దారాల్లా చీల్చి చేత్తో అల్లుతారు. మంచి చాప ఒకటి అల్లడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. పట్టుకుంటే గుడ్డలా మెత్తగా ఉంటుంది, అంచుకు ఎర్ర ఈకలు కడతారు. కింద పరుచుకునేవి కావవి. పెళ్లికి, చావుకి, బిరుదు ఇచ్చినప్పుడు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్తాయి. 2019లో యునెస్కో ఈ అల్లికను వారసత్వ జాబితాలో చేర్చింది. మీ మామగారికి అన్ని చాపలు వచ్చాయంటే ఆయన పట్ల జనానికి ఎంత గౌరవమో పాపకు తెలియాలి. మీవారికి కూడా తెలియాలి.

పాలీఫెస్ట్ గురించి భయం పెట్టుకోకండి. 1976లో మీ ఆక్లాండ్‌లోనే, ఓటారాలోని ఒక హైస్కూల్లో మొదలైన ఈ ఉత్సవం ఇప్పుడు ఏటా మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో మనుకౌలో జరుగుతుంది. కూర్చుని చేతులతో లయగా చేసే సాసా, చివర్లో ఒక్క అమ్మాయి నెమ్మదిగా, హుందాగా ఆడే తౌఅలుంగ, వీటి కోసం పిల్లలు నెలల తరబడి శనివారాలు కూడా ప్రాక్టీసు చేస్తారు. పాటలతో పాటు భాష కూడా కొంత వస్తుంది. గ్రూపులో కొందరు పిల్లలు ఈమెకు భాష రాదని మొదట్లో నవ్వొచ్చు. ముందే చెప్పి పంపండి. ట్యూటర్‌తో మీరొకసారి మాట్లాడండి. మీ పాపలా ఒక వైపే సమోవన్ అయి, నేర్చుకోవాలని వచ్చిన పిల్లలు ఆ గ్రూపుల్లో చాలామందే ఉంటారు, తను ఒంటరి కాదు. సమోవన్ భాష ఇక్కడ హైస్కూల్ చివర్లో రాసే ఎన్‌సీఈఏ పరీక్షలకు సబ్జెక్టుగా కూడా ఉంది. వాళ్ల స్కూల్లో ఉందేమో కనుక్కోండి. ఏటా మే నెలాఖరు, జూన్ మొదట్లో సమోవన్ భాషా వారోత్సవం జరుగుతుంది, అప్పుడు ఊళ్లో లైబ్రరీల నిండా కార్యక్రమాలే.

తెలుగు పోతుందేమోనన్న మీ బాధ నాకు అర్థమవుతోంది. పరాయి దేశంలో, ఇంట్లో ఇంకెవరికీ రాని భాషను ఒక్కరే పట్టుకుని నేర్పడం ఎంత కష్టమో చూస్తున్నాను. కానీ ఒక మాట చెప్పాలి. ఇంటి భాష విలువైనదని ఆ పిల్లకు పదిహేనేళ్లుగా చూపించింది మీరే. ఇప్పుడు రెండో సగం కోసం అడుగుతోందంటే మీ పెంపకం ఫలించినట్టు. అమ్మమ్మతో తెలుగులో ఫోన్ మాట్లాడే అలవాటు ఉంటే అది కదపకండి. శనివారం ప్రాక్టీసుకు ఎన్ని గంటలు, తెలుగుకు ఎన్ని గంటలు అని లెక్క కట్టారో, పిల్ల తెలుగుకే దూరమవుతుంది.

నిజానికి తనను తెలుగుకు దూరం చేసేది మన బంధువుల మాటలు. ఒడ్డూ పొడుగూ, రంగూ, "ఎటు పోలికో" అన్న మాటలు మనకు మామూలుగా అనిపిస్తాయి. పిల్ల చెవికి అవి "నువ్వు మాదానివి కావు" అనే వినిపిస్తాయి. మీ అమ్మానాన్నలకు ముందుగా, పాప లేనప్పుడు, స్పష్టంగా చెప్పండి. దాని ఒంటి గురించి, నాన్న జాతి గురించి ఎవరైనా ఒక్క మాటన్నా మేము లేచి వచ్చేస్తాం అని. అని ఊరుకోకండి, అవసరమైతే నిజంగానే లేచి రండి. అమ్మ తన పక్షాన లేచిందని చూస్తే ఆ పిల్ల విజయవాడకు మళ్లీ వస్తుంది.

చర్చి తప్పదు. 1830లో మిషనరీలు సవాయీలో దిగినప్పటి నుంచి సమోవన్ల ఊరూ, చర్చీ ఒకటిగా అల్లుకుపోయాయి. భాష బాగా వినపడేది అక్కడే. పాప వెళ్లి కూర్చుంటే, పాడితే మతం మారినట్టు కాదు. మీ ఇంట్లో పూజ ఎలా ఉందో అలాగే ఉంటుందని అత్తగారితో మర్యాదగా ముందే చెప్పేయండి.

డబ్బు విషయంలో మీ భయం నిజమైనదే. పెళ్లి, చావు, చర్చి కట్టడం, బిరుదు వేడుక, ఇలాంటి ప్రతిదానికీ బంధువులంతా తలా ఇంత వేసుకోవడాన్ని ఫఅలవేలవే అంటారు. మన చదివింపుల్లాగే ఎవరు ఏం తెచ్చారో అందరి ముందూ గట్టిగా చదువుతారు. ఆ చదివేటప్పుడు తక్కువ పడకూడదని అప్పు చేసి ఇచ్చి, తర్వాత వడ్డీలు కట్టలేక నలిగిపోయిన కుటుంబాలు సౌత్ ఆక్లాండ్‌లో ఉన్నాయి. అయితే అది వన్‌వే కాదు. రేపు మీ ఇంట్లో కష్టమొస్తే ఆ జనమే వంటపాత్రలతో సహా దిగిపోతారు. అందుకని "ఇవ్వం" అని తెంచుకోవద్దు, అడిగినంతా ఇవ్వొద్దు. మీరిద్దరూ కూర్చుని ఏడాదికి ఇంత అని ఒక మొత్తం అనుకోండి, వేరే ఖాతాలో వేయండి. పెద్దాడపడుచుతో "మా వల్ల అయ్యేది ఇంత, మిగతాది చాకిరీగా చేస్తాం" అని ఇప్పుడే, ఏ కార్యమూ లేనప్పుడే చెప్పండి. వాళ్లలో సేవకు చాలా గౌరవం. వచ్చినవాళ్లకు టీ అందించే, గిన్నెలు కడిగే కోడలిని ఎవరూ తక్కువగా చూడరు.

పచ్చబొట్టు గురించి ఇప్పుడే గొడవ పడకండి. పాప అడిగేది మలు, ఆడవాళ్లకు తొడల నుంచి మోకాళ్ల దాకా వేసేది. ఎముకతోనో, దంతంతోనో చేసిన దువ్వెన లాంటి పనిముట్టును సుత్తిలాంటి కర్రతో కొడుతూ వేస్తారు. ఒళ్లు కదలకుండా పక్కన మనుషులు చర్మం లాగి పట్టుకుంటారు. మొదలుపెట్టి మధ్యలో ఆపితే పరువు తక్కువ. ఇది ఫ్యాషన్ కాదు, కుటుంబం పక్కన కూర్చుని వేయించేది, వేయించుకున్నాక కుటుంబానికి పనికొచ్చేలా బతకాలి అని ఆశిస్తారు. "వద్దు" అనకండి. "నానమ్మ ఏమంటుందో అడుగు, భాష నేర్చుకో, పెద్దయ్యాక మాట్లాడుకుందాం" అనండి. ఈ వయసులో ఆ జవాబు న్యాయమైనదే, పాప కూడా ఒప్పుకుంటుంది.

మీవారి సంగతి మళ్లీ చెప్తాను. ప్రాక్టీసు హాలు బయట కారులోనే కూర్చుంటారేమో, కూర్చోనివ్వండి. మిగతా తండ్రులు కుర్చీలు మోస్తుంటారు, ఎవరో ఒకరు వచ్చి పలకరిస్తారు. నిద్ర పట్టకపోవడం, తాగుడు, మామగారి పేరెత్తితే కోపం, ఇలాంటివి కనిపిస్తే మాత్రం ఊరుకోవద్దు. తండ్రి పోయిన దుఃఖం ఆయన ఇంకా దింపుకోలేదని అర్థం. మీ ఫ్యామిలీ డాక్టర్‌ను అడిగితే పసిఫిక్ ద్వీపాల కుటుంబాలతో పనిచేసే కౌన్సెలర్ల దగ్గరికి పంపుతారు. సమోవన్ కౌన్సెలర్ కావాలని అడగండి, భాష రాదని ఆయన వెనకాడితే ఇంగ్లిష్‌లోనే మాట్లాడొచ్చని చెప్పండి. మొదటిసారి ఆయనను ఒక్కరినే వెళ్లనివ్వండి.