వాట్లు చూసి కొనకు, అమ్మలూ

అమ్మలూ,

నువ్వు గిటారుకి ట్యూబ్ ఆంప్, అదే గాజు ట్యూబులతో పనిచేసే ఆంప్లిఫయర్, కొనుక్కుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమేసింది. ఇన్నాళ్లూ ఆ చిన్న ప్రాక్టీస్ ఆంప్ మీదే చేతిని ఇంత శుభ్రంగా తీర్చిదిద్దుకున్నావు. ఒక కార్డ్ మీటితే అది పూర్తిగా ఆగిపోయేదాకా చెవి ఒగ్గి వినే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. అలా వినేవాళ్ల చేతిలోనే ట్యూబ్ ఆంప్ పలుకుతుంది. అందుకని కొనడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు.

కానీ తర్వాత నువ్వు పంపిన మెసేజ్ చూశాక నిద్ర పట్టలేదు. మూడు ఆంప్‌ల పేర్లు రాశావు: ఫెండర్ డీలక్స్ రివర్బ్, వాక్స్ ఏసీ30, ఫెండర్ ట్విన్ రివర్బ్. కింద, "పెద్దదే తీసుకుంటా మామయ్యా, ఎక్కువైతే తగ్గించి వాయించుకోవచ్చు కదా" అన్నావు. ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను. ఓపిగ్గా చివరిదాకా చదువు.

చిన్న విషయాలు ముందే చెప్పేస్తాను. చూడడానికి వెళ్లేటప్పుడు నీ గిటారు, నీ కేబుల్, నువ్వు కాలితో నొక్కి వాడే ఎఫెక్ట్ పెడల్స్ పట్టుకెళ్లు. వేరే గిటారుతో విన్నది నీకు లెక్క కాదు. ఆంప్ వెనక ప్లేటు మీద ఏ వోల్టేజ్ రాసుందో చూడు. 120 వోల్టులదాన్ని 230 వోల్టుల ప్లగ్గులో పెడితే అంతే సంగతులు. నువ్వే ఒకసారి రెండు చేతులతో ఎత్తి చూడు. ట్విన్ దాదాపు 29 కిలోలు, రెండు స్పీకర్ల ఏసీ30 కాంబో (ఆంప్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉండేది) 30 కిలోల పైమాటే, డీలక్స్ రివర్బ్ 19 కిలోల దగ్గర ఉంటుంది. మోసేది నువ్వే, మెట్లెక్కేదీ నువ్వే.

ఇక వాట్ల సంగతి. ట్విన్ 85 వాట్లు, డీలక్స్ 22 వాట్లు. కాగితం మీద దాదాపు నాలుగు రెట్లు. కానీ చెవికి అది నాలుగు రెట్లు వినపడదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. మనకి రెండింతలు గట్టిగా వినపడాలంటే పవర్ సుమారు పది రెట్లు కావాలి. ఆ లెక్కన ట్విన్ డీలక్స్ కంటే ఓ ఒకటిన్నర రెట్లు గట్టిగా అనిపిస్తుంది, అంతే. ఇంకోలా చెప్పాలంటే, 22 వాట్లంటే చిన్న ఆంపేమీ కాదు. ఒక్క వాటుకి, ఒక మీటరు దూరంలో 97 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ ఉందనుకో. గిటార్ స్పీకర్లు ఇంచుమించు అలాగే ఉంటాయి. అంటే నీ గదిలో ఒక్క వాటే ఎక్కువ. అదే స్పీకర్‌కి 20 వాట్లు పంపితే 110 డెసిబెల్స్ వస్తుంది. అమెరికాలో పని చేసేచోట ఆరోగ్యం మీద పరిశోధించే నియోష్ సంస్థ 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలకు మించి ఉండొద్దంటుంది. అక్కణ్నించి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 దగ్గర పావుగంట. 110 దగ్గర ఒకటిన్నర నిమిషం. ఒక్క పాట కూడా పూర్తి కాదమ్మలూ.

నీకు ఇవి ఉత్త అంకెల్లా అనిపించొచ్చు. నాకు మాత్రం ఇవి చూస్తే ఒక మనిషి గుర్తొస్తాడు.

మా బ్యాండ్‌లో లీడ్ వాయించేవాడొకడు ఉండేవాడు. పేరెందుకులే. నాకంటే బాగా వాయించేవాడు, ఆ మాట అప్పుడూ ఒప్పుకున్నాను, ఇప్పుడూ ఒప్పుకుంటాను. అతను 6ఎల్6 అనే రకం పవర్ ట్యూబులు (స్పీకర్‌ని నడిపేవి) నాలుగున్న 100 వాట్ల కాంబో కొన్నాడు. అచ్చం నీ మాటే అన్నాడు, "తగ్గించి వాయించుకుంటా." ఇంట్లో పెట్టి వాయించాడు. వాల్యూమ్ నాబ్ ఒకటి మీద ఉంటే టోన్ పల్చగా, ప్రాణం లేనట్టు ఉంది. వెంట్రుకవాసి తిప్పితే గోడలు అదిరాయి. ఆ రెండింటికీ మధ్య అతనికి కావలసిన చోటు దొరకలేదు. మాస్టర్ వాల్యూమ్ (మొత్తం శబ్దాన్ని విడిగా తగ్గించే నాబ్) లేని అలాంటి ఆంప్‌లో పవర్ ట్యూబులు బాగా పని చేయడం మొదలయ్యేది నాబ్ నాలుగైదు దగ్గర. ట్యూబ్ ఆంప్‌లో మనం కోరుకునే ఆ చిక్కదనం, వేలు గట్టిగా పడితే గరగరమని, మెల్లగా పడితే తేటగా పలకడం, చాలావరకు అక్కడే ఉంటుంది. గదిలో అక్కడిదాకా వెళ్లే ప్రశ్నే లేదు. దాంతో అతను స్టేజి మీద కసి తీర్చుకునేవాడు.

స్టేజి మీద ఇంకో చిక్కు. కాంబోని నేల మీద, తన వెనకే పెట్టుకునేవాడు. గిటార్ స్పీకర్‌లో హై ఫ్రీక్వెన్సీలు, అంటే సన్నని పైస్థాయి ధ్వనులు, టార్చిలైటు వెలుగులా నేరుగా ముందుకే పోతాయి. అతని మోకాళ్ల పక్కనుంచి వెళ్లి ముందు వరుసలో కూర్చున్నవాళ్ల మొహాన కొట్టేవి. అతనికేమో గిటారు మొద్దుగా వినపడేది. ట్రెబుల్ పెంచేవాడు, వాల్యూమ్ పెంచేవాడు. అతను పెంచాడని డ్రమ్మర్ ఇంకా గట్టిగా కొట్టేవాడు. డ్రమ్స్ పెరిగాయని బేస్ పెరిగేది. పాట మధ్యలో సౌండ్ చూసే అతను చెయ్యి కిందికి ఊపి తగ్గించమంటే, మావాడు "ఆంప్ ఇంకా లేవలేదు" అనేవాడు. ఆంప్‌ని ఓ కుర్చీ మీద ఎక్కించి చెవి వైపు వంచి ఉంటే సగం వాల్యూమ్‌తో సరిపోయేది. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. ప్రోగ్రామ్ అయ్యాక చెవుల్లో గుయ్యిమని మోగుతుంటే, "ఇవాళ ఇరగదీశాం" అనుకుంటూ ఇళ్లకి పోయేవాళ్లం. తెల్లారేసరికి మోత తగ్గేది. ఒక దశ తర్వాత అతనికి తగ్గడం మానేసింది.

ఈమధ్య వాళ్లింటికి వెళ్లాను. గిటారు ఇచ్చి వాయించమన్నాను. ట్యూన్ చేస్తూ ట్యూనర్ లైటు వైపే చూస్తున్నాడు. పన్నెండో ఫ్రెట్ దగ్గర వేలు ఆనించి హార్మోనిక్ మీటాడు. "మోగిందా?" అని నన్నడిగాడు. మోగింది. గది నిండా మోగింది. రాత్రిళ్లు ఏదో ఒక చప్పుడు లేకపోతే చెవుల్లో ఈల భరించలేక ఫ్యాన్ వేసుకునే పడుకుంటాడట. మనవరాలు మాట్లాడితే కొన్ని అక్షరాలు జారిపోతాయట, పెదాలు చూసి పోల్చుకుంటాడట. పోయిన వినికిడి తిరిగి రాదమ్మలూ. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమ కణాలుంటాయి. మనుషుల్లో అవి ఒకసారి చస్తే మళ్లీ మొలవవు.

నీకు కోపం వచ్చినా సరే, అందుకే చెబుతున్నాను: ఆంప్ కంటే ముందు మ్యుజీషియన్ల ఇయర్‌ప్లగ్స్ కొను. ఫోమువి కాదు, అవి హై ఫ్రీక్వెన్సీలని ఎక్కువగా మింగేసి అంతా మొద్దుగా వినిపిస్తాయి. అన్ని ఫ్రీక్వెన్సీలనీ ఇంచుమించు సమానంగా తగ్గించేవి ఉంటాయి. రిహార్సల్‌కి అవి లేకుండా వెళ్లావని తెలిస్తే మీ అమ్మకి కాదు, నాకు సమాధానం చెప్పాలి.

సరే, ఇక నీ లిస్టు చూద్దాం. ట్విన్ పేరు లిస్టులోంచి తీసెయ్. ఎంత పెంచినా తేటగానే ఉండడం దాని గొప్పతనం, దానికోసమే దాన్ని కొనేవాళ్లున్నారు. పెద్ద వేదికల మీద, స్టీల్ గిటార్ వాళ్ల దగ్గర అది రాజు. నీ గదికీ, నువ్వు వాయించే చిన్న హాళ్లకీ అది అక్కర్లేదు.

ఏసీ30 మీద నీకు మనసుందని తెలుసు. ఆ గంటల్లాంటి మోత ఎవరికి నచ్చదు? ఆ మోత వెనక ఉన్నవి ఈఎల్84 ట్యూబులు, ఏసీ30లో నాలుగుంటాయి. అయితే రెండే ట్యూబులతో, ఒకే 12 అంగుళాల స్పీకర్‌తో ఏసీ15 ఉంది కదా. పోలిక అదే, వాల్యూమ్ కాస్త తక్కువ, బరువు చాలా తక్కువ. ఇప్పుడు వస్తున్న వాటిలో మాస్టర్ వాల్యూమ్ కూడా ఉంది. ఆ టోనే కావాలనుకుంటే ఏసీ15 తీసుకో, నేను మారు మాట్లాడను.

కానీ నన్నడిగితే నీకు డీలక్స్ రివర్బ్. 1963లో వచ్చిన డిజైన్, ఇప్పటికీ చేస్తున్నారంటే ఊరికే కాదు. రెండు 6వి6 ట్యూబులు, ఒక 12 అంగుళాల స్పీకర్. నువ్వు వేళ్లతో మీటే తీరుకి 6వి6 బాగా కుదురుతుంది. కొంచెం గట్టిగా మీటితే ట్యూబ్ రెక్టిఫైయర్ (ఏసీ కరెంటుని డీసీగా మార్చే ట్యూబు) వల్ల వోల్టేజ్ క్షణం పాటు కిందికి జారి మళ్లీ పుంజుకుంటుంది. స్వరం మొదట అణిగి, తర్వాత వికసించినట్టు అనిపిస్తుంది. వేలి కింద తీగ మెత్తబడిందా అనుకుంటావు. నీ పెడల్స్ కూడా దానిమీద శుభ్రంగా పలుకుతాయి. ఒక లోటుంది: మిడ్ నాబ్ ఉండదు, బేస్, ట్రెబుల్ మాత్రమే. ఇంట్లోనే ఎక్కువ వాయిస్తానంటే దాని పక్కనే ప్రిన్స్‌టన్ రివర్బ్ కూడా విను. 12 వాట్లు, 10 అంగుళాల స్పీకర్. బేస్ కొంచెం తగ్గుతుంది, కానీ మోతాదుగా పెంచినా నిండుగా పలుకుతుంది. డ్రమ్మర్‌తో కలిసి వాయించాలంటే మాత్రం అది తేటగా ఉండలేక గరగరమంటుంది. అప్పుడు డీలక్సే.

వినేటప్పుడు ఇలా చెయ్. ముందు గిటారు పెట్టకుండా ఆన్ చేసి హమ్ ఎంత ఉందో విను. ట్యూబులు వేడెక్కనివ్వు. తర్వాత అన్ని నాబ్‌లూ మధ్యలో పెట్టి, నీ గదిలో ఎంత వాల్యూమ్‌తో వాయిస్తావో అంతతోనే మొదలుపెట్టు. అక్కడే ఎక్కువసేపు ఉండు. కొన్నాక నువ్వు గడిపేది ఆ వాల్యూమ్‌లోనే. కింద కూర్చుని చెవి స్పీకర్ ఎత్తుకి తెచ్చుకో, అయితే మొహం నేరుగా దానికి ఎదురుగా పెట్టకు. ఆ తర్వాత ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని పెంచు. టోన్ పగిలి గరగరమనడం మొదలయ్యాక గిటారు మీద వాల్యూమ్‌ని సగానికి తగ్గించు. మంచి ఆంప్ అక్కడ మళ్లీ తేటబడుతుంది. తేటపడకుండా బురదలా అయిపోతే, ఎంత పేరున్న ఆంపైనా వద్దు. కనీసం అరగంట వాయించు, వేడెక్కాక కానీ కొన్ని తేడాలు బయటపడవు. వెనకనుంచి పవర్ ట్యూబులు చూడు. గాజు లోపల నీలంగా మెరిస్తే కంగారు పడకు, అది మామూలే. లోపలి లోహపు రేకు ఎర్రగా కాలుతూ కనిపిస్తే వెంటనే ఆపేయమను.

వాడినది కొనే పనైతే పవర్ ట్యూబులు ఎప్పుడు మార్చారో, మార్చినప్పుడు బయాస్ (ట్యూబులోంచి ఎంత కరెంటు పారాలో పెట్టే సర్దుబాటు) సరిచేశారో లేదో అడుగు. డీలక్స్ లాంటి ఫిక్స్‌డ్ బయాస్ ఆంప్‌కి అది తప్పనిసరి. ట్యూబులు ఎప్పుడో ఒకప్పుడు అరుగుతాయి, అదొక ఖర్చుగా ముందే అనుకో. స్పీకర్ నచ్చకపోతే తర్వాత మార్చుకోవచ్చు, స్పీకర్ ఓమ్స్ (దాని నిరోధం) మాత్రం ఆంప్‌కి సరిపోవాలి. వాల్యూమ్ ఇంకా ఎక్కువైతే ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్యలో పవర్ తగ్గించే అటెన్యుయేటర్ పెట్టుకోవచ్చు, కానీ మరీ తగ్గిస్తే టోన్ మందగిస్తుంది. పెద్ద ఆంప్ కొని అటెన్యుయేటర్‌తో నెట్టుకొద్దామని మాత్రం లెక్కలు వేసుకోకు.

ఇంకో రెండు మాటలు, వీటిలో నీ ఇష్టం లేదు. స్పీకర్ తీగ ఊడి ఉండగా ఆంప్ ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. చాసిస్ (ఆంప్ లోపలి లోహపు పెట్టె) విప్పి లోపల చెయ్యి పెట్టొద్దు. ప్లగ్ తీసేసినా సరే పెట్టొద్దు. లోపల 400 వోల్టుల పైనే ఉంటుంది, ఆ కెపాసిటర్లు ప్లగ్ తీశాక కూడా ఛార్జ్ పట్టుకునే ఉంటాయి. నీ చెయ్యి నాకు ఏ ఆంప్ కంటేనైనా ఎక్కువ. ఏ రిపేరైనా నాకు చెప్పు, తెలిసినవాళ్ల చేత చేయిద్దాం.

ఎప్పుడు చూడడానికి వెళ్తున్నావో ముందే చెప్పు, నేనూ వస్తాను. నువ్వు వాయిస్తుంటే నేను గది అవతలి మూల నిలబడి వింటాను. నీకు దగ్గర్నుంచి ఎలా వినపడిందో, నాకు అక్కణ్నుంచి ఎలా వినపడిందో ఇద్దరం చెప్పుకుని అప్పుడు డబ్బులిద్దాం. ఈలోగా నీ గది పొడవూ వెడల్పూ కొలిచి పంపు, ఆంప్ ఏ గోడ పక్కన పెడదామనుకుంటున్నావో కూడా రాయి.

మీ మామయ్య