ప్రోటోకాల్ ఉద్యోగం అంటే రోజంతా ఏం చేస్తారు? జెండా తాడు దగ్గర 14 ఏళ్లు గడిపిన అనుభవం

ప్రభుత్వ వేడుకలు, జెండా మర్యాదలు, రాజముద్రల వ్యవహారం చూసే ఉద్యోగం నిజంగా ఉందా, ఉంటే అందులో ఏం చేస్తారు, ఎలా చేరాలి, ఇంటి సంగతి ఎలా ఉంటుంది అని మీలో కొందరు అడిగారు. ఉంది. నేను రెవెన్యూ శాఖలో చేరి, తెలంగాణలోని ఒక జిల్లా కలెక్టరేట్‌లో 14 ఏళ్లు ఈ పనే చూసి రిటైరయ్యాను. నాకు తెలిసినంత చెబుతాను.

ముందు చేరే దారి. 'ప్రోటోకాల్ అధికారి కావలెను' అని విడిగా నోటిఫికేషన్ పడదు. గ్రూప్-1, గ్రూప్-2 రాసి రెవెన్యూలోకో సచివాలయంలోకో వస్తే, అక్కడి నుంచి ఈ సీటుకు వేస్తారు. రాష్ట్ర స్థాయిలో సాధారణ పరిపాలన శాఖలో ప్రోటోకాల్ విభాగం ఉంటుంది. జిల్లాల్లో కలెక్టర్ తరఫున రెవెన్యూ వాళ్లే చూస్తారు. ఢిల్లీలో విదేశీ అతిథుల మర్యాదలన్నీ విదేశాంగ శాఖవి, రిపబ్లిక్ డే పరేడ్ రక్షణ శాఖది. జెండా, జాతీయ గీతం, రాజముద్ర, ఎవరు ముందు ఎవరు వెనక అనే వరస, వీటి నియమాలు కేంద్ర హోం శాఖ చూస్తుంది. అంతే, ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు.

పని సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. బయటి నుంచి చూసేవాళ్లకు డయాస్, కాన్వాయ్, పూలదండలు కనిపిస్తాయి. నాకు మాత్రం ఉద్యోగం అనగానే తాడు గుర్తొస్తుంది. ఆగస్టు 15న ఎర్రకోట మీద జెండాను కింది నుంచి పైకి లాగి ఎగరేస్తారు. జనవరి 26న ముందే పైన మడిచి కట్టి ఉంచిన జెండాను తాడు లాగి విప్పుతారు. మా పోలీస్ పరేడ్ గ్రౌండ్‌లో జనవరి జెండాను కట్టేది ఏఆర్ (సాయుధ రిజర్వు పోలీసు) హెడ్ కానిస్టేబుల్. జెండాను సన్నగా మడిచి, మధ్యలో బంతి, గులాబీ రేకులు పోసి, ఒక్క లాగుకు ఊడిపోయేలా జారుముడి వేస్తాడు. ముడి వదులైతే జెండా గాలికే విచ్చుకుంటుంది. బిగుసుకుంటే అసలు విచ్చుకోదు.

ఒక ఏడాది బిగుసుకుంది. ముఖ్య అతిథి ఒకసారి లాగారు, రాలేదు. రెండోసారి లాగినా రాలేదు. బ్యాండు వాళ్లు వాయిద్యాలు ఎత్తి పట్టుకుని ఉన్నారు, గ్రౌండంతా తల పైకెత్తి చూస్తోంది. హెడ్ కానిస్టేబుల్ ఒక అడుగు ముందుకేసి, ఆయన చేతికి కొంచెం కింద తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. పూలు రాలాయి, జెండా విచ్చుకుంది. మహా అయితే పది సెకన్లు పట్టి ఉంటుంది. నాకు మాత్రం ఆ పది సెకన్లూ ఊపిరి ఆడలేదు. తర్వాత అడిగితే, "సార్, నాలుగింటికే కట్టినం. నూలు తాడు, మంచుకు నానింది" అన్నాడు. తప్పు అతనిది కాదు. ఎన్నింటికి కట్టాలో మినిట్ టు మినిట్ ప్రోగ్రాంలో, అంటే ఏ నిమిషానికి ఏం జరగాలో రాసే కాగితంలో, రాయాల్సింది నేను, రాయలేదు. సంజాయిషీ నా పేరు మీదే ఇచ్చాను. ఆ మరుసటి ఏడాది నుంచి ఆరు దాటాకే కట్టించేవాణ్ణి. అంతకుముందు ఖాళీ తాడుతో మూడుసార్లు లాగి చూసేవాళ్లం. కాషాయం పైకి వస్తోందో లేదో నేను స్వయంగా చూస్తే తప్ప పక్కకు జరిగేవాణ్ణి కాదు. జాతీయ గీతానికి 52 సెకన్లు. ఆ 52 సెకన్లు సవ్యంగా నడవడానికి వెనక మూడు వారాల పని ఉంటుంది: ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్ల బారికేడ్లు, సమాచార శాఖ వాళ్ల మైకులు, శకటాల వరస, బడి పిల్లలకు మంచినీళ్లు.

కొట్లాటలన్నీ కుర్చీల దగ్గరా శిలాఫలకాల దగ్గరా వస్తాయి. 'ప్రోటోకాల్ రగడ' అని పేపర్లో మీరు చదివే వార్తల్లో చాలావాటికి మూలం ఒక పాలరాతి పలక. ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద, ఎవరి పేరు లేనే లేదు. దేశం మొత్తానికి 1979లో రాష్ట్రపతి పేరిట వెలువడిన ప్రాధాన్య క్రమం ఉంది. అందులో ముఖ్యమంత్రి తన రాష్ట్రంలో 7వ స్థానంలో, సరిహద్దు దాటితే 8వ స్థానంలో ఉంటారు. ఎంపీలది 21. అది అధికారిక వేడుకలకే వర్తిస్తుంది, రోజువారీ పాలనకు కాదు అని అందులోనే రాసి ఉంది. కొత్తగా వచ్చినప్పుడు నేను దీన్ని వట్టి హోదాల గోలే అనుకున్నాను. తర్వాత అభిప్రాయం మార్చుకున్నాను. రాసి ఉన్న వరస లేకపోతే గొంతు పెద్దగా ఉన్నవాడే ముందు కూర్చుంటాడు. ప్రతిపక్ష ఎమ్మెల్యే పేరు రాతి మీద ఉందంటే, ఆయన్ను గెలిపించిన ఊళ్ల పేరు ఉన్నట్టే. అందుకే ఎవరు ఫోన్ చేసి ఏం చెప్పినా, పేర్ల జాబితా మీద కలెక్టర్ సంతకం లేకుండా రాయి చెక్కేవాళ్లకు పంపేవాణ్ణి కాదు. దీనివల్ల కొందరికి కోపం వచ్చింది. అయినా నాకు బాధ లేదు.

రాజముద్ర గురించి ప్రత్యేకంగా అడిగారు. 1950 జనవరి 26 నుంచి మన జాతీయ చిహ్నం సారనాథ్ అశోక స్తంభం తల. నాలుగు సింహాల్లో మూడే కనిపిస్తాయి. కింది పట్టీ మధ్యలో ధర్మచక్రం, కుడివైపు ఎద్దు, ఎడమవైపు గుర్రం, ఆ కింద దేవనాగరి లిపిలో 'సత్యమేవ జయతే'. ఈ అక్షరాలు లేకపోతే చిహ్నం పూర్తయినట్టు కాదు. ఒకసారి ఆగస్టు 15 ప్రశంసాపత్రాలు ప్రింటింగ్ నుంచి వచ్చాయి. కట్ట విప్పి చూస్తే సింహాలు ఉన్నాయి, అక్షరాలు లేవు. నెట్‌లో దొరికిన బొమ్మ పెట్టేశారు. రాత్రి పదకొండింటికి ప్రెస్ తెరిపించి అన్నీ మళ్లీ వేయించాం. ఎవరూ గమనించరులే అన్నారు కొందరు. ఆ కాగితాన్ని ఒక అంగన్‌వాడీ టీచర్ ఫ్రేమ్ కట్టించి ఇంట్లో గోడకు పెట్టుకుంటుంది. ఆమెకిచ్చేది సగం ముద్రగా ఉండకూడదు కదా.

2014 జూన్ 2కు ముందు మా కాగితాల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముద్ర, పూర్ణకుంభం ఉండేది. తెలంగాణ వచ్చాక కాకతీయ కళాతోరణం, చార్మినార్ వచ్చాయి. చుట్టూ తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూల్లో ప్రభుత్వం పేరు. ఓరుగల్లు తోరణాన్నీ హైదరాబాద్ మీనార్లనూ ఒకే వలయంలో మొదటిసారి చూసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. పాత స్టేషనరీ ఎక్కడా వాడకుండా బీరువాలకు తాళం వేయించడానికి మాత్రం నెలలు పట్టింది. ఇంకో మాట. జాతీయ చిహ్నాన్ని లెటర్‌హెడ్ మీద, కారు మీద ఇష్టం వచ్చినట్టు వేసుకోవడం 2005 చట్టం ప్రకారం నేరం. రెండేళ్ల వరకు జైలు, 5000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మాజీలకూ రిటైరైన ఉద్యోగులకూ కూడా ఆ హక్కు లేదు. నేను రిటైరైన రోజు సాయంత్రమే మిగిలిన విజిటింగ్ కార్డులు చించేశాను.

సంతాపం కబురు వేళకు రాదు. 2018 ఆగస్టు 15 వేడుక ముగించుకుని ఒళ్లు నొప్పులతో పడుకున్నాం, మరునాడు సాయంత్రం వాజ్‌పేయి గారు పోయారు. ఏడు రోజుల సంతాపం. జెండాను సగానికి దించడమంటే సగం దాకా ఎత్తి ఆపడం కాదు. ముందు పూర్తిగా కొస దాకా ఎత్తి, తర్వాత సగానికి దించాలి. సాయంత్రం తీసేటప్పుడు కూడా మళ్లీ కొస దాకా ఎత్తి, అప్పుడే కిందికి దించాలి. ఈ ఒక్క సంగతి మండల ఆఫీసులన్నిటికీ నేనే ఫోన్ చేసి చెప్పేవాణ్ణి. సర్క్యులర్ చదివి చేస్తారులే అని వదిలేస్తే ఎక్కడో ఒకచోట తప్పు జరుగుతుంది.

అధికార లాంఛనాలతో అంత్యక్రియలు ఈ ఉద్యోగంలో అన్నిటికంటే బరువైన పని. పరేడ్ గ్రౌండ్‌లో మొదటి వరసలో స్వాతంత్ర్య సమరయోధులకు కుర్చీలు వేస్తాం. నేను చేరిన ఏడాది ఒక వరస నిండేది, తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. ఎప్పుడూ చివరి కుర్చీయే అడిగి కూర్చునే ఒక తాతగారు ఉండేవారు, కాలు చాపుకోవడానికి వీలని. ఆయన పోయారని ఒక ఉదయం పదకొండింటికి కబురొచ్చింది. ఊరు 60 కిలోమీటర్ల దూరం. పొద్దుగూకకముందే దహనం చేయాలని బంధువులు అంటున్నారు. ఏఆర్ దళం, బ్యూగిల్, ఆరడుగుల పొడవు నాలుగడుగుల వెడల్పు జెండా తీసుకుని బయల్దేరాం. కాషాయం తలవైపు ఉండేలా కప్పాం. తుపాకుల మోత గురించి ఊరి పిల్లలకు ముందే చెప్పి దూరంగా నిలబెట్టాను.

చితి దగ్గర జెండా తీయబోతుంటే ఆయన భార్య ఆపింది. "అది ఆయనది బిడ్డా, ఆయనతోనే పోనీ" అంది. జెండా చితిలో కాలకూడదు, గోతిలోకి దిగకూడదు. నియమం అంతే. కానీ ఆ క్షణంలో ఆమెకు నియమం పేరు ఎలా చెప్పను? పక్కన కూర్చుని, "అమ్మా, ఆయన జెండాను కాలనిస్తారా?" అన్నాను. ఆమె కాసేపు నా ముఖం చూసి, తల అడ్డంగా ఊపింది. ఇద్దరు పోలీసులు జెండాను అడ్డంగా పట్టుకుని, కాషాయాన్నీ ఆకుపచ్చనూ తెలుపు కిందికి మడిచి, చక్రం పైకి కనిపించేలా చేసి రెండు అరచేతుల మీద నిలిపారు. నేను ఆమె ముందుకు తెప్పించాను. వంగి కళ్లకద్దుకుంది. అప్పుడు బ్యూగిల్ మొదలైంది. మరుసటి ఆగస్టు 15న ఆ చివరి కుర్చీ వేయించి, ఆమెనే పిలిపించి కూర్చోబెట్టాను.

ఇంటి సంగతీ అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆగస్టు 15, జనవరి 26, 2014 తర్వాత జూన్ 2, ఈ రోజుల్లో ఎప్పుడూ నేను ఇంట్లో లేను. మా అమ్మాయి బడిలో జెండా వందనానికి ఒక్కసారీ వెళ్లలేకపోయాను. అది నాకు ఇప్పటికీ లోటే. పెళ్లయ్యాక ఈ ఉద్యోగం తీసుకుంటే ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఇంకా మనసు ఇటే ఉంటే, గ్రూప్-2 పుస్తకాలతో పాటు 2002 ఫ్లాగ్ కోడ్ (జాతీయ జెండా నియమావళి) చదవండి. చిన్నదే, ఒక పూటలో అయిపోతుంది. 2021 డిసెంబరులో, 2022 జులైలో దానికి సవరణలు వచ్చాయి, పాలిస్టర్ జెండాలు, రాత్రిపూట ఎగరేయడం గురించి. అవి కూడా చూడండి. తర్వాత జనవరి 26కు ముందు మీ జిల్లా పరేడ్ గ్రౌండ్‌లో జరిగే ఫుల్ డ్రెస్ రిహార్సల్‌కు వెళ్లండి. డయాస్ వైపు కాకుండా, జెండా కర్ర దగ్గర నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్ చేతుల వైపు చూడండి.