ఇల్లు రాసివ్వకండి, మిగిలినదాంట్లో వాటా రాయండి

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను, పెన్షన్ వస్తోంది. మా ఆవిడకు 61. అబ్బాయి ఉద్యోగంలో స్థిరపడ్డాడు. అమ్మాయికి 29 ఏళ్లు. మేధో వైకల్యం వల్ల సొంతంగా సంపాదించుకోలేదు. 80 లక్షల ఇల్లు ఉంది. అది కాక డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు కలిపి 1.3 కోట్లు ఉన్నాయి. అంతా నా స్వార్జితం. అమ్మాయిని చేరదీసి పనులు నేర్పిన ప్రత్యేక పాఠశాలకు ఏదైనా ఇవ్వాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. మా ఆవిడ బతికినంతకాలం ఇంట్లో ఉండి, ఆ తర్వాత ఇల్లు ఆ సంస్థకు చెందేలా విల్లు రాద్దామని ఆలోచన. అబ్బాయి కాదనలేదు గానీ, "మరి చెల్లెలి సంగతి?" అన్నాడు. నేను చేస్తున్నది సరైనదేనా?

జవాబు: ఇవ్వాలన్న ఆలోచన సరైనదే. ఇల్లు ఇవ్వాలనుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం. మీ అబ్బాయి ఒక్క మాటలో అడిగింది కూడా అదే: మీ ఆవిడ తర్వాత ఇల్లు సంస్థకు వెళ్తే అమ్మాయి ఎక్కడుంటుంది?

చట్టపరంగా కూడా చిక్కుంది. భార్యకు 'జీవితకాల హక్కు' మాత్రమే రాసి, తర్వాత ఫలానావారికి అనడం మన విల్లుల్లో మామూలే. కానీ హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, భార్యకు ముందునుంచే ఉన్న మనోవర్తి (పోషణ) హక్కు కింద ఆస్తి ఇచ్చినట్టయితే, ఎన్ని షరతులు పెట్టినా ఆమెకు పూర్తి హక్కే వస్తుంది. ఒక తెలుగు కుటుంబం నుంచే వెళ్లిన తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు 1977లో ఇదే చెప్పింది. విల్లు ద్వారా కొత్తగా ఇచ్చిన హక్కయితే షరతు నిలుస్తుందని అదే సెక్షన్ రెండో భాగం అంటుంది. ఏ విల్లు ఏ కోవలోకి వస్తుందన్నదాని మీద తీర్పులు రెండు రకాలుగానూ వచ్చాయి. సంస్థకు ఇల్లు ఇవ్వబోయి ఒక దావా అప్పజెప్పినట్టవుతుంది. ఇల్లు మీ ఆవిడకే పూర్తిగా రాయండి. ఆమె మీకంటే ముందు వెళ్లిపోతే ఎవరికన్నది కూడా అందులోనే ఉండాలి. ఆమె చేత కూడా ఒక విల్లు రాయించండి, చాలామంది మరిచిపోయేది ఇదే.

ఇక డబ్బు. అమ్మాయి ఖర్చు నెలకు 25,000 అనుకుందాం. పన్ను పోగా వచ్చే రాబడి ధరల పెరుగుదలకు సరిపోతుందని, అంతకుమించి మిగలదని అనుకుని లెక్కేస్తే, ఆమెకు 75 వచ్చేదాకా 46 ఏళ్లకు నేటి రూపాయల్లో 1.38 కోట్లు కావాలి. అంటే ఇల్లు కాక మీ దగ్గరున్న డబ్బంతా చాలదు. ఇలా చూస్తే దానం మాటే ఎత్తకూడదు.

అయితే మీకొక పెద్ద ఆసరా ఉంది. కేంద్ర ఉద్యోగుల పెన్షన్ నిబంధనల ప్రకారం, వైకల్యం వల్ల సంపాదించుకోలేని బిడ్డకు మీ ఇద్దరి తర్వాత జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. మీరుండగానే ఆమె పేరు పీపీఓలో, అంటే మీ పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో, చేర్పించవచ్చు. వైకల్య ధ్రువపత్రం తీసుకుని వెంటనే దరఖాస్తు పెట్టండి. మీ తర్వాత అబ్బాయి ఆఫీసుల చుట్టూ తిరగడం కంటే, ఇప్పుడు మీరు పెట్టే సంతకాలే తేలిక.

ఇందులో ఒక మెలిక ఉంది. ఫ్యామిలీ పెన్షన్ కాకుండా ఆమెకు వచ్చే ఇతర ఆదాయం, సాధారణ ఫ్యామిలీ పెన్షన్ మొత్తం కంటే, అంటే మీ చివరి జీతంలో 30 శాతం, దాని మీద కరువు భత్యం కలిపిన మొత్తం కంటే, తక్కువ ఉండాలి. ప్రేమకొద్దీ కోటి రూపాయల డిపాజిట్లు ఆమె పేరు మీద వేస్తే, ఆ వడ్డీయే పెన్షన్‌కు అడ్డం పడొచ్చు. కాబట్టి ఆమె పేరున నేరుగా ఏమీ పెట్టకండి.

డబ్బును విల్లు ద్వారానే ఏర్పడే ఒక ప్రైవేటు ట్రస్టులో పెట్టమంటాను. లబ్ధిదారులు మీ ఆవిడ, అమ్మాయి. ఎవరికెంత, ఎప్పుడు అన్నది ట్రస్టీల విచక్షణకు వదిలే ఇలాంటి ట్రస్టుకు మామూలుగా గరిష్ఠ రేటు పన్ను పడుతుంది. విల్లు ద్వారా ఏర్పడి, మీరు అలా పెట్టిన ఏకైక ట్రస్టు అదే అయితే మాత్రం స్లాబు రేట్లే వర్తిస్తాయి. అందుకే పాఠశాల కోసం ఇంకో ట్రస్టు పెట్టాలన్న సరదా వద్దు. ట్రస్టీలుగా అబ్బాయి, మీ ఆవిడ, కుటుంబం బయటి మనిషి ఒకరు ఉండాలి. పాఠశాల వాళ్లను మాత్రం ట్రస్టీలుగా పెట్టకండి. వాళ్లు ఎంత మంచివాళ్లయినా, అమ్మాయికి తక్కువ ఖర్చు పెడితే తమకు ఎక్కువ మిగిలే స్థితిలో ఎవరినీ కూర్చోబెట్టకూడదు.

పాఠశాల వాటా ఆ ట్రస్టులో చివరికి మిగిలినదాంట్లోంచే. అమ్మాయి తదనంతరం ట్రస్టులో ఉన్నదాంట్లో 60 శాతం సంస్థకు, 40 శాతం అబ్బాయికి, అతను లేకపోతే అతని పిల్లలకు అని రాయండి. రూపాయల్లో రాయొద్దు, శాతంలోనే రాయండి. '40 లక్షలు సంస్థకు' అని రాసి, ఆనాటికి ట్రస్టులో 45 లక్షలే ఉంటే ఇంటివాళ్లకు మిగిలేది మనస్తాపమే. సంస్థ రిజిస్టర్డ్ పేరు, నంబరు స్పష్టంగా ఉండాలి. అప్పటికి అది లేకపోతే ఆ డబ్బు ఏ సంస్థకో కూడా రాయాలి. దశాబ్దాల తర్వాతి మాట కదా!

"సొంత ధార్మిక ట్రస్టు పెట్టండి సార్, పన్నూ ఉండదు, అందులోంచే అమ్మాయిని చూసుకోవచ్చు" అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వినకండి. ధార్మిక ట్రస్టు ఆదాయం వ్యవస్థాపకుడి బంధువుల లాభానికి వాడితే ఆ మేరకు పన్ను మినహాయింపు చేజారుతుంది.

మరి పాఠశాల అన్నేళ్లు ఆగాలా? అక్కర్లేదు. పెన్షన్‌లో మిగిలేదాంట్లోంచి ఏటా కొంత ఇప్పుడే ఇవ్వండి. దాంతో ఏం చేశారో మీ కళ్లతో చూస్తారు, విల్లులో వాళ్ల పేరు ఉంచాలో లేదో కూడా తేలిపోతుంది. దానాలకు వచ్చే పన్ను మినహాయింపు (80జీ) పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. 2,000 దాటితే నగదుగా ఇవ్వకూడదు. స్థలమో వస్తువులో ఇస్తే మినహాయింపు రాదు, డబ్బే ఇవ్వాలి. కొత్త విధానంలో మీకు పన్ను తగ్గుతుంటే దీనికోసం పాతదానికి మారకండి.

విల్లు రాయడంలో ఇద్దరు సాక్షులు తప్పనిసరి, వాళ్లు లబ్ధిదారులు కాకుండా చూసుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి. డిపాజిట్లకు నామినీగా మనిషినే పెట్టగలరు, సంస్థను పెట్టలేరు. నామినీ అంటే డబ్బు అందుకుని హక్కుదారులకు అప్పగించే మనిషే గానీ యజమాని కాదని అబ్బాయికి చెప్పండి. అమ్మాయికి చట్టబద్ధ సంరక్షకుడి నియామకం 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద, కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ చేస్తుంది. అదీ మీరుండగానే కదిలించండి.

వీటన్నిటికంటే ముందు పీపీఓ దరఖాస్తు పెట్టండి. ట్రస్టు నుంచి అమ్మాయికి అందే డబ్బును ఆమె ఆదాయంగా లెక్కేస్తారా అని పెన్షన్ మంజూరు చేసే ఆఫీసును రాతపూర్వకంగా అడగండి. లాయరు దగ్గరికి ఆ జవాబు చేతికొచ్చాకే వెళ్లండి, ట్రస్టు నిబంధనలు దాన్నిబట్టే రాయించాలి.