వైరల్ లోడ్ పెరిగిందా, కొలతే అటూ ఇటూ అయిందా?

ప్రశ్న: మా నాన్నగారికి హెపటైటిస్ బి ఉంది. ఆరు నెలల కిందట డీఎన్ఏ పరీక్షలో 4,200 వచ్చింది, ఈసారి 6,100. దాదాపు సగం పెరిగిందని ఇంట్లో అందరికీ టెన్షన్. పక్కనే లాగ్ అని 3.62, 3.79 ఉన్నాయి, అవేంటి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు చూడాల్సింది ఆ చిన్న అంకెలనేనమ్మా. లాగ్ అంటే పెద్ద అంకెని కుదించి రాసే లెక్క, అందులో ఒకటి పెరిగితే అసలు అంకె పది రెట్లు పెరిగినట్టు. నన్నడిగితే ల్యాబులు వాటినే పెద్దక్షరాల్లో వేయాలి, సగం టెన్షన్లు తగ్గుతాయి.

రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పేదే వైరల్ లోడ్. అయితే ఆ వైరస్ డీఎన్ఏ నేరుగా కొలవలేనంత తక్కువ ఉంటుంది. అందుకే రియల్ టైమ్ పీసీఆర్ మెషిన్‌లో వేడి చేస్తూ, చల్లారుస్తూ కాపీలు తీయిస్తారు. సైకిల్‌కి రెట్టింపు చొప్పున పది సైకిళ్లకే వెయ్యి రెట్లు దాటిపోతుంది. కాపీలు పెరిగేకొద్దీ ట్యూబులో వెలుగూ పెరుగుతుంది, ఆ వెలుగు ఒక హద్దు దాటడానికి ఎన్ని సైకిళ్లు పట్టిందో మెషిన్ చూస్తుంది. వైరస్ పది రెట్లు తక్కువుంటే దాదాపు 3.3 సైకిళ్లు ఆలస్యమవుతుంది. ఎంత ఉందో ముందే తెలిసిన శాంపిళ్లతో గీసిన స్టాండర్డ్ గ్రాఫ్‌తో పోల్చి, దాన్ని యూనిట్లలోకి మార్చి మీకిస్తారు.

ఇప్పుడు మీ రెండు రిపోర్టులకూ తేడా ఎంతో తెలుసా? అర సైకిల్, ఆపైన కాస్త చిల్లర. రక్తంలోంచి డీఎన్ఏ తీసేటప్పుడు కొంచెం తక్కువొచ్చినా, పిపెట్‌లో, అంటే ద్రవాన్ని కొలిచి పోసే సాధనంలో, పిసరంత తేడా వచ్చినా ఈమాత్రం మారుతుంది. అదే శాంపిల్‌ని మళ్లీ నడిపినా అచ్చంగా 4,200 రాదు. లాగ్‌లో మీ తేడా 0.17. మామూలుగా 0.5 దాటితేనే, అంటే సుమారు మూడు రెట్లు మారితేనే, నిజమైన మార్పుగా తీసుకుంటారు. 4,200 కాస్తా 13 వేలు దాటి ఉంటే అది వేరే మాట.

పరీక్ష ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి, కిట్ మారితే అంకె మారొచ్చు. పాత రిపోర్టుల్లో కాపీలు అని ఉంటే వాటిని యూనిట్లతో నేరుగా పోల్చొద్దు, ఒక యూనిట్ అంటే సుమారు ఐదు కాపీలు.

అసలు సంగతి, ఆయన మందులు వాడుతున్నారో లేదో మీరు రాయలేదు. వాడకపోతే ఈ అంకెతో పాటు ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), లివర్ పరిస్థితి కూడా చూసి డాక్టరే నిర్ణయిస్తారు. చాలాకాలంగా వాడుతున్నా వేలల్లోనే ఉందంటే మాత్రం, పెరిగిందా లేదా అన్నది పక్కనపెట్టి, మాత్రలు రోజూ వేసుకుంటున్నారో లేదో ముందు కనుక్కోండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి.